రంది తగ్గే తొవ్వ



ఒక ఇంటి సంగతి చెప్పుకుందాం. ఇది ఒక్కరి కథ కాదు. మన వాడకట్టులో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. అందుకే పేరు పెట్టడం లేదు. "అక్క" అనే అందాం.

అక్కది బోధన్ దగ్గర ఒక ఊరు. పొద్దుగాల లేచేది. వాకిలి ఊడ్చేది. పిల్లలకు వండి పెట్టేది. తర్వాత చాట ముందేసుకుని బీడీలు చేసేది. పక్కింటి వాళ్లతో ముచ్చట పెడుతూ చేసేది. చేతులు ఆడేవి. నోరూ ఆడేది.

ఇప్పుడు అలా లేదు. తెల్లారక ముందే మెలకువ వస్తుంది. కానీ లేవబుద్ధి కాదు. చాట మూలకు ఉంది. నానబెట్టిన తునికాకు ఎండిపోయింది. బువ్వ రుచి లేదు. పిల్లలు మాట్లాడితే విసుగు. ఎవరూ ఏమీ అనకపోయినా కండ్ల నీళ్లు వస్తాయి.

పక్కింటి చెల్లె అడిగింది.

"ఏమైంది అక్కా? పానం బాగుంటలేదా?"

"ఏమో చెల్లె. జరం లేదు. దెబ్బ లేదు. ఊకె రంది అయితుంది. ఏ పనీ చెయ్యబుద్ధి కాదు."

ఇంట్లో వాళ్లు ఒకలా అన్నారు. "పని చేతగాక వేషాలు" అన్నారు. ఊర్లో వాళ్లు ఇంకోలా అన్నారు. "గాలి సోకింది. తాయెత్తు కట్టించు" అన్నారు. తాయెత్తు కట్టించారు. కోడిని కోశారు. వెయ్యి రూపాయలు పోయాయి. రంది మాత్రం పోలేదు.

అక్కకు ఏమైంది? అది వేషమా? గాలా? కాదు. అది ఒక జబ్బు. దాని గురించి చదువుదాం.

బాధ వేరు, జబ్బు వేరు

బాధ లేని మనిషి ఉండదు. అమ్మ చనిపోతే ఏడుస్తాం. పంట పోతే దిగులు పడతాం. కొన్నాళ్లకు మెల్లగా తేరుకుంటాం. పండుగ వస్తే నవ్వుతాం. ఇది మామూలు బాధ.

కానీ కొందరికి రంది పోదు. రెండు వారాలు దాటినా పోదు. దాదాపు రోజూ ఉంటుంది. పొద్దంతా ఉంటుంది. అప్పుడు అది జబ్బు కావచ్చు. డాక్టర్లు దీన్ని డిప్రెషన్ అంటారు. పుస్తకాల్లో కుంగుబాటు అని రాస్తారు. మన పక్క రంది అంటాం. మనాది అంటాం.

దీని గుర్తులు ఇవి:

- ఎప్పుడూ మనసు బరువుగా ఉంటుంది.
- ఇష్టమైన పని మీద కూడా ఇష్టం పోతుంది.
- నిద్ర పట్టదు. లేదా పొద్దంతా నిద్రే వస్తుంది.
- ఆకలి పోతుంది. లేదా ఊకె తింటూ ఉంటారు.
- ఒంట్లో సత్తువ ఉండదు. చిన్న పనికే అలుపు.
- మనసు ఒక దాని మీద నిలవదు. లెక్క తప్పుతుంది.
- "నేను ఎందుకూ పనికి రాను. అంతా నా తప్పే" అనిపిస్తుంది.
- చచ్చిపోతే బాగుండు అనిపిస్తుంది.

మన ఆడవాళ్లు చాలా మంది మనసు సంగతి చెప్పరు. "నెత్తి నొస్తుంది. నడుము నొస్తుంది. గుండె దడ. కాళ్లు గుంజుతున్నాయి" అంటారు. సూదులు వేయించుకుంటారు. గోలీలు మింగుతారు. నొప్పి మళ్లీ వస్తుంది. నొప్పి అబద్ధం కాదు. కానీ దాని వెనుక రంది ఉండవచ్చు.

ఒక మాట గుర్తుంచుకోండి. రక్తం తక్కువైనా ఇలాగే నీరసం ఉంటుంది. థైరాయిడ్ జబ్బులో కూడా ఇలాగే ఉంటుంది. అందుకే ముందు రక్తం పరీక్ష చేయించుకోవాలి.

ఇది ఎందరికి వస్తుంది?

2015-16 లో మన దేశంలో ఒక పెద్ద సర్వే చేశారు. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రి వాళ్లు చేశారు. 12 రాష్ట్రాల్లో ఇంటింటికీ పోయి అడిగారు. పెద్దవాళ్లలో 20 మందిలో ఒకరికి బతుకులో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వచ్చిందని తేలింది. మీ ఊర్లో 400 మంది పెద్దలు ఉన్నారనుకోండి. లెక్క వేయండి. 20 మందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చి ఉండవచ్చు.

ప్రపంచం అంతటా మగవాళ్ల కంటే ఆడవాళ్లకు ఇది ఎక్కువ. కాన్పు అయిన కొత్తలో కూడా వస్తుంది. పది మంది బాలింతల్లో ఒకరికి, అంత కంటే ఎక్కువ మందికే వస్తుంది. పసిబిడ్డను చూసినా సంతోషం కలగదు. అది చెడ్డ తల్లి లక్షణం కాదు. అది జబ్బు.

ఎందుకు వస్తుంది?

ఒక్క కారణం ఉండదు. కొంత ఒంటిలో ఉంటుంది. కొంత బతుకులో ఉంటుంది.

ఒంటి సంగతి చూద్దాం. కొన్ని కుటుంబాల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. కాన్పు తర్వాత ఒంట్లో మార్పులు వస్తాయి. పెద్ద జబ్బు చేసినా మనసు కుంగుతుంది.

బతుకు సంగతి మీకు తెలుసు. బోధన్ పక్కన శక్కర్‌నగర్ ఉంది. నిజాం కాలంలో, 1930 ల్లో అక్కడ చక్కెర ఫ్యాక్టరీ పెట్టారు. ఆసియాలోనే పెద్దదని గొప్పగా చెప్పుకునేవారు. నిజాంసాగర్ నీళ్లు పారాయి. చెరకు పండింది. చెరకు బండ్లు బారులు తీరేవి. ఎన్నో ఇళ్లకు అదే అన్నం పెట్టింది. 2002 లో అది ప్రైవేటు వాళ్ల చేతికి పోయింది. 2015 డిసెంబరులో మూత పడింది.

ఫ్యాక్టరీ మూత పడితే ఒక్క గేటే మూత పడదు. జీతం ఆగుతుంది. చెరకు వేసే రైతు ఆగిపోతాడు. చెరకు కొట్టే కూలీకి పని ఉండదు. చాయ్ హోటల్ ఖాళీ అవుతుంది. అప్పు పెరుగుతుంది. ఇంటి మగవాళ్లు దుబాయికో మస్కట్‌కో పోతారు. ఇంట్లో ఆడమనిషి ఒక్కతే ఉంటుంది. పిల్లలు, ముసలివాళ్లు, అప్పులవాళ్లు అందరూ ఆమె మీదే.

మన అక్క సంగతి కూడా అదే. ఇంటాయన పని పోయింది. కొడుకు గల్ఫ్‌కు పోయాడు. ఏజెంటుకు కట్టిన అప్పు మీద మిత్తి పెరుగుతోంది. బీడీ పని నెలలో కొన్ని రోజులే దొరుకుతోంది. ఇన్ని బరువులు ఒక్క మనసు మీద పడ్డాయి.

కాబట్టి ఇది పూర్వజన్మ పాపం కాదు. గాలి కాదు. చేతబడి కాదు. సోమరితనం కాదు.

రంది ఎలా పెరుగుతుంది?

రంది గానుగెద్దు లాంటిది. ఒకే చోట తిరుగుతుంది. ఎలాగో చూడండి.

మనసు బాగా లేదు. అందుకే పని మానేస్తాం. గడప దాటం. పని లేదు కాబట్టి పైసలు రావు. గడప దాటం కాబట్టి మనుషులు కనిపించరు. ఒక్కరమే కూర్చుంటే ఆలోచనలు పెరుగుతాయి. "చూడు, ఈ పని కూడా చేయలేకపోయాను" అనిపిస్తుంది. మనసు ఇంకా పాడవుతుంది. మళ్లీ పని మానేస్తాం.

ఈ చుట్టు ఎక్కడో ఒక చోట తెగాలి. ఎక్కడ తెంపాలి?

మనం అనుకుంటాం, "మనసు బాగైనాక పని చేస్తాను" అని. రందిలో ఇది తిరగబడుతుంది. ముందు చిన్న పని చేయాలి. మనసు దాని వెనుక మెల్లగా వస్తుంది. బావిలో బొక్కెన తోడినట్టు. తాడు గుంజితేనే నీళ్లు పైకి వస్తాయి.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. గోవా రాష్ట్రంలో చేసి చూశారు. 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చేశారు. గట్టి రంది ఉన్న దాదాపు 500 మందిని తీసుకున్నారు. సగం మందికి మామూలు వైద్యం. మిగిలిన సగం మందికి దానితో పాటు ఇంకొకటి. శిక్షణ పొందిన మనుషులు వచ్చి మాట్లాడేవారు. వాళ్లు డాక్టర్లు కాదు. అక్కడి మామూలు మనుషులే. ఆరు నుంచి ఎనిమిది సార్లు కలిసేవారు. "రేపు ఏ చిన్న పని చేస్తారు? ఎవరిని కలుస్తారు?" అని అడిగేవారు. మళ్లీ వచ్చి "చేశారా?" అని అడిగేవారు.

మూడు నెలల తర్వాత చూశారు. ఫలితం 2017 లో బయటపెట్టారు. మామూలు వైద్యంతో వందలో 39 మందికి రంది దిగిపోయింది. మాటలు, చిన్న పనులు కలిపిన చోట వందలో 64 మందికి దిగిపోయింది.

మరి మనం ఏం చేయవచ్చు? ఒక్కొక్కటి చూద్దాం.

1. రోజుకు ఒక చిన్న పని

పెద్ద పని పెట్టుకోవద్దు. "రేపటి నుంచి వెయ్యి బీడీలు చేస్తాను" అనుకోవద్దు. కాకపోతే ఇంకా కుంగిపోతాం. చిన్నది పెట్టుకోండి. స్నానం చేసి తల దువ్వుకోవడం. వాకిట్లో ముగ్గు వేయడం. ఒక కట్ట బీడీలు చేయడం. ఇంటి వెనుక తోటకూర విత్తనాలు చల్లడం.

ఇష్టంగా అనిపించకపోయినా చేయండి. అయినాక "ఇది నేను చేశాను" అనుకోండి.

ఒకటి చేయాల్సిన పని పెట్టుకోండి. ఒకటి మనసుకు నచ్చే పని పెట్టుకోండి. రెండూ కావాలి. ఆడవాళ్లం మొదటిదే చేస్తాం. రెండోది మరిచిపోతాం. పాట వినడం, పువ్వులు గుచ్చడం, మనవరాలికి జడ వేయడం ఇవి కూడా పనులే. వీటికి సిగ్గు పడవద్దు.

మీకు ఇప్పుడు రాయడం వచ్చు కదా! ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. రోజూ ఒక లైను రాయండి. ఇలా రాయవచ్చు:

సోమవారం - వాకిలి ఊడ్చిన. మనసు బరువుగానే ఉంది.
మంగళవారం - రెండు కట్టలు చేసిన. చెల్లె వచ్చింది. కొంచెం నయం.
బుధవారం - ఏమీ చేయలేదు. బాగా ఏడ్చిన.
గురువారం - చెరువు దాకా నడిచిన. కొంచెం నయం.

రెండు వారాల తర్వాత వెనక్కి తిప్పి చదవండి. ఏ రోజు నయంగా ఉందో తెలుస్తుంది. ఆ రోజు ఏం చేశారో తెలుస్తుంది. డాక్టరు దగ్గరికి పోతే ఇదే పుస్తకం చూపించవచ్చు.

2. నడక

"పొద్దంతా పని చేస్తనే ఉన్నా. ఇంకా నడక ఎందుకు?" అని అడుగుతారు. పొలం పని చేసే వాళ్లకు ఒంటి శ్రమ ఉంది. కానీ బీడీ పని కూర్చుని చేసే పని. మెడ వంగి ఉంటుంది. కాళ్లు ముడుచుకుని ఉంటాయి. ఒళ్లు కదలదు. తంబాకు దుమ్ము పీలుస్తాం. ఎండ మొహం చూడం.

రోజుకు అరగంట నడవండి. వారానికి ఐదు రోజులు నడవండి. కొంచెం జోరుగా నడవండి. మాట్లాడగలగాలి, పాట పాడేంత ఊపిరి మాత్రం ఉండకూడదు. అంత జోరు చాలు. నడక రందిని తగ్గిస్తుందని చాలా దేశాల్లో చూశారు. నిద్ర కూడా బాగా పడుతుంది.

మొదట అరగంట కాకపోతే ఐదు నిమిషాలు చాలు. నిజామాబాద్‌లో ఉంటే తిలక్ గార్డెన్‌కు పోవచ్చు. ఊర్లో ఉంటే చెరువు కట్ట ఉంది. ఒక్కరే పోతే జనం ఏమంటారో అని భయమా? ఇద్దరు ముగ్గురు కలిసి పోండి. నడకతో పాటు ముచ్చట కూడా అవుతుంది.

బీడీలు చేసేటప్పుడు గంటకోసారి లేవండి. నాలుగు అడుగులు వేయండి. కిటికీ తలుపు తీసి పెట్టండి.

మన బతుకమ్మ చూడండి. తొమ్మిది రోజులు ఆడతాం. చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతాం. పాట పాడతాం. నలుగురితో కలుస్తాం. ఒంటికి కదలిక, నోటికి పాట, మనసుకు తోడు. రందికి కావాల్సినవన్నీ అందులో ఉన్నాయి. కానీ రంది ఏడాదికి తొమ్మిది రోజులే రాదు. మిగతా రోజులకు కూడా అలాంటిదొకటి ఉండాలి.

3. నిద్ర

రందిలో నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే రంది పెరుగుతుంది. ఇలా చేసి చూడండి.

- రోజూ ఒకే వేళకు లేవండి. రాత్రి నిద్ర పట్టకపోయినా అదే వేళకు లేవండి.
- పగలు ఎక్కువ సేపు పడుకోవద్దు. పడుకున్నా అరగంటే.
- మాపటి పూట చాయ్ మానండి.
- పడుకునే ముందు టీవీ, సెల్ ఫోను పక్కన పెట్టండి.
- నిద్ర రాకపోతే మంచం మీద దొర్లవద్దు. లేచి కాసేపు కూర్చోండి. నిద్ర వచ్చినప్పుడు మళ్లీ పడుకోండి.

ఎవరో ఇచ్చిన నిద్ర గోలీలు మింగవద్దు. అలవాటైతే మానడం కష్టం.

4. తిండి

మన ఇళ్లలో ఆడవాళ్లు చివర తింటారు. మిగిలింది తింటారు. మిగలకపోతే చాయ్ తాగి పడుకుంటారు. సత్తువ ఎక్కడి నుంచి వస్తుంది?

తిండి ఒక్కటే రందిని పోగొట్టదు. కానీ ఆకలి కడుపుతో మనసు నిలవదు. వేళకు తినండి. జొన్న రొట్టె, పప్పు, ఆకుకూర, పెసర్లు, పల్లీలు తినండి. వీలైతే గుడ్డు తినండి. రక్తం తక్కువని తేలితే నర్సమ్మ ఇచ్చే ఐరన్ గోలీలు వేసుకోండి. గోలీ వేసుకున్నాక గంట వరకు చాయ్ తాగవద్దు. చాయ్ తాగితే అది ఒంటికి పట్టదు.

5. కల్లు, మత్తు

ఈ మాట మన జిల్లా వాళ్లకు తప్పక చెప్పాలి.

రంది తగ్గుతుందని కొందరు కల్లు తాగుతారు. ఆడవాళ్లు కూడా తాగుతారు. తాగినప్పుడు మరుపు వస్తుంది. తెల్లారితే రంది రెండింతలవుతుంది. మత్తు రందికి మందు కాదు. అది రందికి ఎరువు.

ఇంకో ప్రమాదం ఉంది. కల్తీ కల్లులో చెట్టు కల్లు తక్కువ. మత్తు మందు ఎక్కువ. క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, అల్ప్రాజోలం లాంటివి కలుపుతారు. 2015 లో ప్రభుత్వం కల్తీ కల్లు మీద దాడులు పెంచింది. కల్లులో మందు తగ్గింది. అలవాటు పడిన వాళ్లకు వణుకు వచ్చింది. ఫిట్స్ వచ్చాయి. పిచ్చి పిచ్చిగా మాట్లాడారు. నిజామాబాద్ ఆసుపత్రికి గుంపులుగా వచ్చారు.

అందుకే జాగ్రత్త. రోజూ కల్లు తాగే వాళ్లు ఒక్కసారిగా ఆపవద్దు. ముందు ఆసుపత్రికి పోవాలి. డాక్టరు మందులు ఇచ్చి మెల్లగా మాన్పిస్తారు. అలవాటు లేని వాళ్లు దాని జోలికే పోవద్దు.

6. మనసులో మాట

రంది ఉన్న మనిషి ముడుచుకుంటుంది. "నా బాధ నాకే. ఇంకొకరికి ఎందుకు?" అనుకుంటుంది. కానీ మాట లోపల ఉంటే పుండు అవుతుంది.

ఆఫ్రికాలో జింబాబ్వే అనే దేశం ఉంది. అక్కడి వాళ్లు ఈ జబ్బును "ఎక్కువ ఆలోచించడం" అని అంటారు. మనం కూడా "ఊకె ఆలోచన చేస్తుంది" అంటాం కదా! ఆ దేశంలో మనసు డాక్టర్లు చాలా తక్కువ. 2006 లో డిక్సన్ చిబాండా అనే డాక్టరు ఒక పని మొదలుపెట్టారు. ఊరి అవ్వలకు శిక్షణ ఇచ్చారు. ఆ అవ్వలు పెద్ద చదువులు చదవలేదు. ఆసుపత్రి ఆవరణలో ఒక బల్ల వేశారు. దాని పేరు స్నేహ బల్ల. రంది ఉన్న వాళ్లు వచ్చి ఆ బల్ల మీద కూర్చుంటారు. పక్కన అవ్వ కూర్చుంటుంది. ముందు మొత్తం వింటుంది. తర్వాత అడుగుతుంది. "నీ కష్టాల్లో ముందు ఏది పట్టుకుందాం? దానికి ఈ వారం ఏం చేయగలవు?" పరీక్షించి చూశారు. చాలా మందికి నయమైంది. ఆ ఫలితం 2016 లో ప్రపంచానికి తెలిసింది.

మనకు అరుగులు లేవా? అవ్వలు లేరా? పొదుపు సంఘాలు లేవా?

మన అక్క సంగతికి వద్దాం. పక్కింటి చెల్లె ఒకరోజు వచ్చి కూర్చుంది. ఏమీ బోధ చేయలేదు. ఊకె విన్నది. అక్క ఏడ్చింది. చాలా సేపు మాట్లాడింది. అప్పు, కొడుకు, ఇంటాయన, అన్నీ చెప్పింది.

చెల్లె అడిగింది, "అక్కా, ఇన్నిట్ల ముందుగాల ఏది చూద్దాం?"

"మిత్తి. మిత్తిదే నాకు భయం."

"అయితే సంఘంల మాట్లాడుదాం. తక్కువ మిత్తికి బాకీ దొరుకుతదేమో అడుగుదాం. నేను కూడ వస్త."

అప్పు ఆ రోజే తీరలేదు. కానీ పది కష్టాల మూట విడిపోయింది. ఒక్కటి చేతికి వచ్చింది. ఆ రాత్రి అక్క కొంచెం నిద్ర పోయింది.

ఇంటి వాళ్లు ఏం చేయాలి?

"ధైర్యంగా ఉండు" అని ఊకె అనవద్దు. కాలు విరిగిన మనిషితో "ఉరుకు" అంటామా? "నీకేం తక్కువ?" అనవద్దు. "పిచ్చి" అనవద్దు.

పక్కన కూర్చోండి. వినండి. పనిలో చెయ్యి వేయండి. నీళ్లు తేవడం, వంట చేయడం మగవాళ్లు కూడా చేయవచ్చు. నడకకు తోడు పోండి. డాక్టరు దగ్గరికి తోడు పోండి.

ఇది చాలకపోతే?

పైన చెప్పినవి తేలిక రందికి బాగా పని చేస్తాయి. గట్టి రంది అయితే ఇవి ఒక్కటే చాలవు. ముగ్గు వేయమంటే చేయి లేవదు. అది ఆమె తప్పు కాదు. అప్పుడు డాక్టరు కావాలి.

ముందు ఆశ అక్కకు గానీ నర్సమ్మకు గానీ చెప్పండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోండి. నిజామాబాద్‌లో 2013 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. దాని ఆసుపత్రిలో మనసు డాక్టర్లు ఉంటారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో పెద్ద మానసిక ఆసుపత్రి ఉంది. అక్కడికి పోయిన వాళ్లందరూ పిచ్చివాళ్లని జనం అంటారు. అది తప్పు మాట. కండ్లు నొస్తే కండ్ల డాక్టరు. మనసు నొస్తే మనసు డాక్టరు. అంతే.

డాక్టరు రందికి గోలీలు ఇస్తే ఈ మాటలు గుర్తుంచుకోండి:

- గుణం వెంటనే కనిపించదు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది.
- ఇవి కల్లు లాంటి మత్తు కాదు.
- నయం అనిపించగానే మానవద్దు. ఆ తర్వాత కూడా చాలా నెలలు వాడాలి.
- ఆపాలంటే డాక్టరును అడిగి మెల్లగా ఆపాలి.
- కడుపుతో ఉన్నా, పాలిస్తున్నా ముందే డాక్టరుకు చెప్పాలి.

ఫోను చేసి కూడా మాట్లాడవచ్చు. నంబరు 14416. దీని పేరు టెలి మానస్. 2022 అక్టోబరు 10 న ప్రభుత్వం మొదలుపెట్టింది. పైసలు పడవు. రాత్రి పగలు ఎప్పుడైనా చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

చావు మాట వినబడితే

"నేను లేకుంటేనే మంచిది" అని ఎవరైనా అంటే తేలికగా తీసుకోవద్దు. "చచ్చే వాళ్లు చెప్పరు" అనేది తప్పు. చాలా మంది ముందే చెబుతారు.

భయపడకుండా సూటిగా అడగండి. "చచ్చిపోవాలనిపిస్తుందా?" అడిగితే ఆ ఆలోచన కొత్తగా రాదు. అడిగితే ఆ మనిషికి బరువు దిగుతుంది. ఆమెను ఒంటరిగా వదలవద్దు. పురుగుల మందు ఇంట్లో ఉంచవద్దు. ఉంటే తాళం వేసి పెట్టండి. వెంటనే 14416 కు ఫోను చేయండి. ఆసుపత్రికి తీసుకుపోండి. ప్రాణం మీదికి వస్తే 108 కు ఫోను చేయండి.

బాలింతకు ఈ ఆలోచన వచ్చినా, బిడ్డను ఏదైనా చేయాలనిపించినా, అదే రోజు ఆసుపత్రికి పోవాలి.

తప్పు అంతా మన మనసుదేనా?

ఇక్కడ ఒక మాట అనుకోవాలి. రోజూ మొగుడు కొడుతుంటాడు. "నడకకు పో, తగ్గుతుంది" అంటే సరిపోతుందా? కూలి సరిగ్గా రాదు. "పెసర్లు తిను" అంటే సరిపోతుందా?

సరిపోదు. కొన్ని రందులు ఇంట్లో నుంచి వస్తాయి. కొన్ని ఊర్లో నుంచి వస్తాయి. వాటిని నలుగురు కలిసి పట్టుకోవాలి. కొట్టడం నేరం. 2005 లో గృహహింస చట్టం వచ్చింది. 181 కు ఫోను చేస్తే ఆడవాళ్లకు సాయం దొరుకుతుంది.

మనలాంటి ఆడవాళ్లు ఇంతకు ముందు చేసి చూపించారు. నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరు ఉంది. అక్కడి ఆడవాళ్లు రాత్రి బడిలో చదువుకున్నారు. సారా గురించి మాట్లాడుకున్నారు. 1992 లో సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా అమ్మకం ఆగింది. వాళ్లు కూడా మనలాగే పలకా బలపం పట్టిన వాళ్లే. ఒక్కరి బాధ పది మంది మాట అయింది. అప్పుడు దానికి బలం వచ్చింది.

అక్క ఇప్పుడు ఎలా ఉంది?

అక్క ఆసుపత్రికి పోయింది. రక్తం తక్కువ ఉందని తేలింది. రంది జబ్బు ఉందని కూడా డాక్టరు చెప్పాడు. రెండింటికీ మందులు ఇచ్చాడు. చెల్లె తోడు పోయింది.

మొదటి వారం ఏమీ మారలేదు. "ఈ గోలీలు దండగ" అన్నది. చెల్లె మానవద్దన్నది. రోజూ మాపటికి చెరువు కట్ట దాకా నడిపించింది. మూడో వారం అక్క చాట ముందేసుకుంది. ఒక కట్ట చేసింది. ఆపేసింది. మరునాడు రెండు కట్టలు చేసింది.

ఫ్యాక్టరీ తెరుచుకోలేదు. కొడుకు ఇంకా గల్ఫ్‌లోనే ఉన్నాడు. అప్పు ఇంకా ఉంది. కొన్ని రోజులు ఇప్పటికీ బరువుగానే గడుస్తాయి. కానీ అక్క నోటు పుస్తకంలో "కొంచెం నయం" అనే మాట ఇప్పుడు ఎక్కువ సార్లు కనిపిస్తుంది.

మొన్న ఆమె ఇంకో ఇంటి ముందు ఆగింది. ఆ ఇంటి కోడలు వారం నుంచి గడప దాటలేదు. అక్క లోపలికి పోయి పక్కన కూర్చుంది.

"ఏమైంది బిడ్డా? నాకు చెప్పు. నాకు గూడ అయింది ఇది" అన్నది.

మాట్లాడుకుందాం

1. మామూలు బాధకు, రంది జబ్బుకు తేడా ఏమిటి?
2. మీ ఊర్లో రంది వస్తే జనం ఏమంటారు? అందులో ఏది నిజం? ఏది తప్పు?
3. రోజూ కల్లు తాగే వాళ్లు ఒక్కసారిగా ఎందుకు ఆపకూడదు?
4. మీ వాడకట్టులో ఎవరైనా చాలా రోజులుగా బయటికి రావడం లేదా? వాళ్ల దగ్గరికి ఎవరు పోతారు? ఎప్పుడు పోతారు?

రాయండి

మీ నోటు పుస్తకంలో ఈ నంబర్లు పెద్దగా రాసుకోండి. ఇంట్లో అందరికీ కనబడే చోట గోడ మీద కూడా రాయండి.

రందికి - 14416
ఆడవాళ్ల సాయానికి - 181
ప్రాణాపాయంలో - 108

వాటి కింద, రేపు మీరు చేయబోయే ఒక చిన్న పని రాయండి.